పొక్కల జగ్గు

యుద్ధం ఆగి రెండు నెలలు కావస్తోంది, రంజాన్ పండుగ కూడా వెళ్లిపోయింది, అల్ ఖోబర్ ఆకాశానికి మాత్రం మసి వదల్లేదు. కువైట్‌లో నూనె బావులు ఇంకా తగలబడుతూనే ఉన్నాయి. ఆ పొగ గాలివాటున దిగివచ్చి, కాంపౌండ్‌లో తెల్లగా ఉన్న ప్రతి గోడ మీదా నల్లటి పొరై కూర్చుంది. ఆ శనివారం పొద్దున రాజేశం పద్నాలుగో నంబరు విల్లా గోడ కడుగుతున్నాడు. పైనుంచి కడిగితే చారలు పడతాయని, అడుగు నుంచి తడుపుకుంటూ పైకి పోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు. కుమ్మరింట పుట్టినవాడు. పొడిదాని మీద నీళ్లు పడితే ఎటు పాకుతాయో అతని చేతులకే తెలుసు.

"మామా! బ్రష్షు కింద వెట్టు. నీ మేడం అస్తున్నదట," అంటూ భూమేష్ వచ్చాడు, తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ.

"ఎవలు జెప్పిన్రు?"

"ఆఫీసుకు ఫోనచ్చింది. ఎత్తింది నేనే. మంగళారం దిగుతదట."

రాజేశం నిజంగానే బ్రష్షు కింద పెట్టాడు. తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. నలభై అయిదేళ్లవాడి మొహంలో పిల్లవాడి నవ్వొకటి వచ్చి నిలబడింది.

"మంచిగైంది అల్లుడా. జగ్గు సంగతి దొరికింది. తాగిన."

"తాగినవా? ఆ పొక్కలల్లకెళ్లి కారకుంట?"

"సుక్క కారలే."

"ఎట్లనో చెప్పరాదు!"

"ఉహు. మేడంకే మొదలు. మాటిచ్చిన ఆమెకు."

"నువ్విచ్చిన మాటను ఇంగ్లీషుల చెప్పిందే నేను గదా మామా. నాకు చెప్తే ఏం వాయె?"

"నీకూ చెప్త తియ్యి. ఆమె ఎనుక," అని రాజేశం మళ్లీ గోడ వైపు తిరిగాడు.

ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు. కులాలు వేరు, చుట్టరికం లేదు. అయినా భూమేష్ నిక్కర్లు తొడిగిన నాటి నుంచీ మామా, అల్లుడా అన్న పిలుపులే. వాడు పదో తరగతి దాకా చదివాడు, ఇంగ్లీషూ అరబీ నాలుగేసి మాటలు పట్టాడు. విల్లాల తాళాలూ ఆఫీసు ఫోనూ వాడి దగ్గరే ఉంటాయి. కాంపౌండ్ మేనేజరును అందరూ ముదీర్ అంటారు. కూలివాళ్ల మాట ముదీర్‌కు, ముదీర్ మాట కూలివాళ్లకు చేర్చేదీ వాడే. రాజేశం వేలిముద్ర మనిషి. భూమేష్ నోరే తన నోరనుకుని ఆరేళ్లు గడిపాడు.

ఆ జగ్గు చేతికొచ్చిన నాడు కూడా అంతే. జనవరిలో, బాంబులు మొదలు కావడానికి వారం ముందు. పద్నాలుగో విల్లా ఇంగ్లీషు మేడం తన దేశం పోవడానికి కారెక్కబోతూ, భుజాన గ్యాస్ మాస్కు డబ్బా వేలాడుతుండగా మళ్లీ ఇంట్లోకి పరుగెత్తి, దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి రాజేశం చేతుల్లో పెట్టింది. ఎర్రమన్ను జగ్గు. పైన మీగడ రంగు పూత, పూత గీకి రాసిన అక్షరాలు. మెడ చుట్టూ పువ్వుల్లా కోసిన చిల్లులు. అంచు గొట్టంలా లావుగా ఉంది, దానికి మూడు బుల్లి ముక్కులు. భూమేష్ పక్కన నిలబడి ఆమె మాటలు తెలుగు చేశాడు: "వాళ్ల ఊర్ల ఎన్కటి కుమ్మరోళ్లు చేసిందట మామా. వాళ్ల తాత ఒక్కడే దీంట్లకెళ్లి తాగేటోడట. ఎవ్వలికి చెప్పకుంట సచ్చిపోయిండట. నువ్వు కుమ్మరోనివని ఆమెకు ఎరుకే. ఆమె అచ్చేదాంక పైలంగ ఉంచి, తాగుడెట్లనో కనిపెట్టుమంటున్నది."

జగ్గు తీసుకుని గదికి పోతే అసలు గొడవ అక్కడ మొదలైంది. గదిలో ఉన్న ఆరుగురూ కరీంనగర్ వైపు వాళ్లే. మెడ చుట్టూ చిల్లులు చూసి ఒక్కొక్కరూ మంచాల మీంచి లేచి నిలబడ్డారు.

"నువ్వు కుమ్మరోనివేనా? కుండకు పొక్కలెప్పుడు వెడ్తరో నీకు తెల్వదా?"

తెలియకేం. ఊళ్లో పీనుగ లేచిందంటే మొదటి కబురు కుమ్మరింటికే. అతని తండ్రి, అతనూ ఎన్ని కుండలు ఇచ్చి ఉంటారో! కొడుకు ఆ కుండ భుజానికెత్తుకుని కాటి చుట్టూ తిరుగుతుంటే వెనకనుంచి ఒక్కో చుట్టుకూ ఒక్కో చిల్లు పొడుస్తారు. చిల్లుల కుండ గడప లోపల ఉండటానికి వీల్లేదు. అందులోనూ నెత్తిమీద మిస్సైళ్లు తిరిగే రోజులు. రాజేశం వాదించలేదు. పాత తువ్వాలలో చుట్టి, కిటికీ బయట ఏసీ పెట్టెకు బిగించిన ఇనుప చట్రంలో దాన్ని పెట్టాడు. యుద్ధమంతా అది అక్కడే ఉంది.

శుక్రవారం, జుమ్మా సెలవు రోజుల్లో నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకెళ్లి దానితో కూర్చునేవాడు. అడుగు చూశాడు. సారె మీంచి దారంతో కోసిన గీత సన్నగా వంపు తిరిగి ఉంది. లోపల చేసినవాడి వేళ్ల వరసలు. తన చేతికంటే చిన్న చెయ్యి, ఎడమచేతి వాటం. ఏ దేశంవాడైతేనేం, మన్ను నొక్కినప్పుడు వేలు పోయే దారి ఒకటే. గోటితో కొట్టి చూశాడు. ఒళ్లంతా ఒక మోత, పిడి దగ్గర వేరే మోత. పిడి బోలుగా ఉంది! బోలు పిడి పెట్టడం ఎంత కష్టమో అతనికి తెలుసు, ఎండేటప్పుడే పగులుతుంది. ఊరికే పెట్టడు ఏ కుమ్మరీ. దాని లోపలి దారి జగ్గు అడుగున మొదలై, పిడిలో పైకెక్కి, అంచు గొట్టంలోకి పోయి, ముక్కుల్లో తేలుతుందని రెండు జుమ్మాల్లో తేల్చాడు. కానీ రెండు ముక్కులు మూసి మూడోదాన్ని పీలిస్తే నీళ్లకు బదులు గాలే వచ్చింది. ఎక్కడో ఇంకో దొంగ చిల్లు ఉంది.

దాన్ని పట్టించింది ఊళ్లో అతని పెళ్లాం ముత్యవ్వ చుట్టిన బీడీ. సెలవుకు పోయొచ్చినవాడి చేత ఆమె కట్ట పంపింది. పొగ నోటి నిండా పట్టి ఒక ముక్కులోకి ఊది, మిగతా రెండూ వేళ్లతో మూశాడు. కుండలు కాల్చే వాముకు సందు ఎక్కడుందో పొగను చూసి పట్టినట్టే, కళ్లు చిన్నవి చేసి చూశాడు. పిడి పైవంపు కింద, చూపుడువేలు మామూలుగా ఆనే చోటు నుంచి, సన్నటి నూలుపోగులా పొగ వచ్చింది. రాజేశం గట్టిగా నవ్వాడు. ఎప్పుడో పోయిన ఆ ఎడమచేతి కుమ్మరిని "అరె నీయవ్వ!" అని మెచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున ముదీర్ స్వయంగా కూలివాళ్ల గదులకొచ్చాడు. లెబనాన్ మనిషి, ఎప్పుడూ ఇటు రాడు. చేతిలో కాగితం, వెంట ఇద్దరు గార్డులు. పద్నాలుగో విల్లాలో వీడియో, రేడియో, గోడ గడియారం, ఇంకా ఏవో కలిసి తొమ్మిది సామాన్లు లేవట. పెట్టెలన్నీ తెరిపించారు. పరుపులు ఎత్తారు. ఏమీ దొరకలేదు. వెళ్లిపోతూ ఒక గార్డు కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి తువ్వాల మూట లోపలికి లాగాడు.

ఆఫీసులో జగ్గును బల్ల మీద పెట్టారు. కడప జిల్లా నబీ రసూల్ ముదీర్‌కు సులేమానీ చాయ్ తెచ్చి, పళ్లెం పట్టుకుని మూల నిలబడ్డాడు. ముదీర్ ఏదో అడిగాడు.

"ఇది నీకెక్కడిది అంటున్నడు మామా," అన్నాడు భూమేష్. రాజేశం కళ్లలోకి చూడలేదు.

"గదేంది, నువ్వు ఆడనే ఉంటివి గదా! మేడం ఇచ్చింది, పైలంగ వెట్టుమన్నది అని చెప్పు."

భూమేష్ చెప్పాడు. ముదీర్ మళ్లీ అడిగాడు, ఈసారి కిటికీ వైపు వేలు చూపిస్తూ.

"ఇచ్చిందే అయితె కిటికి బయట ఎందుకు దాసినవంటున్నడు."

"దాయలేదురా! పొక్కల కుండ ఇంట్ల ఉండద్దు గదా. మనకాడ పీనుగను తీస్కపోయినప్పుడు కుండకు పొక్కలు వెడ్తరు, అందుకని రూములోళ్లు భయపడ్డరు, అందుకే బయట వెట్టిన. గిదంత మంచిగ ఇమరం చేసి చెప్పు."

భూమేష్ ముదీర్ వైపు తిరిగాడు. తర్వాత రెండే రెండు పొట్టి మాటలు అన్నాడు. రాజేశం తాను గంపెడు మాటలిస్తే అవతలికి చారెడే పోయాయని గమనించాడు. అరబీ పొట్టి భాషేమో అనుకున్నాడు. ముదీర్ మాత్రం తల పంకించి కాగితం మీద ఏదో గీశాడు.

"ఏమంటడు?"

"మేడం అచ్చినంక చూస్తడట. నువ్వు పో మామా. ఏం గాదు."

మధ్యాహ్నం క్యాంటీన్లో అన్నం పెడుతూ నబీ రసూల్ గరిటె ఆపాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, నీకొక మాట చెప్పాల. చెప్పకుంటే నాకు ఈ కూడు దిగదు. పొద్దున ఆ భూమేషు గాడు నువ్వు జెప్పింది జెప్పల్యా."

"ఏమన్నడు మరి?"

"మేడం ఇచ్చేటప్పుడు నేను ఆడ ల్యా, నాకేం తెలీదన్యాడు. కిటికీ సంగతి అడిగితే, ఏమో, దాసుకున్యాడేమో అన్యాడు. నాకు అరబీ బాగా వస్తాదన్నా. రెండు చెవులారా ఇన్యా."

రాజేశం చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. కోపం రాలేదు. ఇంకేదో వచ్చింది. తన నోట్లోని నాలుక తనది కాదని తెలిసినట్టు అయింది. ఆరేళ్లలో తాను అన్నవి ఏవేవి చేరాయో, ఏవి చేరలేదో! జ్వరమొచ్చి సెలవడిగిన మాట, తండ్రి పోయినప్పుడు పంపమని బతిమాలిన మాట. అవి కూడా చారెడే పోయాయా?

"ఇంకోటి కూడా ఉండాది," అన్నాడు నబీ రసూల్. "ఆ కాగితం రాసింది ఆ మేడమే. వాళ్ల దేశం నుంచి పంపించింది, ఇవన్నీ దొంగలు ఎత్తకపోయినారు అని. మొదటి వరసలోనే ఈ జగ్గు ఉండాదంట. పోయిన సామాన్లకు కంపెనీ వాళ్లు ఆమెకు నష్టం కట్టిచ్చేసినారు."

"జగ్గు పోయిందని ఆమెట్ల రాస్తది? నాకే ఇచ్చె గదా. మర్సిపోయి రాసుంటది. నన్ను సూస్తె యాదికస్తది."

నబీ రసూల్ ఇంకో గరిటె పప్పు వేశాడు.

సోమవారం పని దిగాక నీళ్ల ట్యాంకు దగ్గర భూమేష్‌ను పట్టుకున్నాడు. వాడు తప్పించుకు పోబోయి, రాజేశం దారికి అడ్డంగా కూడా నిలబడలేదని చూసి, తనే ఆగాడు.

"నా చెయ్యిల వెట్టంగ పక్కకే ఉంటివి గదరా. నీ నోటితోని చెప్తివి గదరా, పైలమన్నదని."

భూమేష్ తాళాల గుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మామా, ఇను. వీడియో, రేడియో, గడియారం, అన్ని నేనే తీసిన. అమ్ముకున్న. సైరన్లు మొగుతుండె. తెల్లోళ్లకు మాస్కులిచ్చి మనల్ని తడి తువ్వాలలు కట్టుకోమనిరి. ఎవడు బతుకుతడు, ఎవడు మళ్ల అస్తడు అనుకున్న. ఇప్పుడు తాళాలు నా దగ్గర ఉండె. ఎవడో ఒకడు దొరక్కపోతే నన్నే వడ్తరు. నన్ను పోలీసులకిస్తరు మామా, ఈడ పోలీసులంటే నీకు తెలుసు."

"నన్నియ్యరా?"

"నీదగ్గర దొరికింది మట్టి జగ్గొక్కటే. ముదీర్ అన్నడు, కేసు వద్దు, దమ్మామ్ క్యాంపుకు తోలుదామని. మోరీల మురికి తీసే పని. అంతే గదా. రెండేండ్లు కండ్లు మూసుకుంటే అయిపాయె."

"పని సంగతి కాదురా. మోరీలు నేను తియ్యనియా? దొంగ అని తోలుతరు గదా."

"ఊర్లె ఎవలికి ఎరుకైతది?"

"నెలకు నాలుగు క్యాసెట్లు పోతయి గీడికెళ్లి మనూరికి. ఎవడో ఒకడు దాంట్ల మాట్లాడుతడు. ముత్యవ్వ బీడీల కార్ఖాన్ల ఆకు కోసం లైన్ల నిలవడ్డప్పుడు ఆమె ముంగటనే పెడ్తరు ఆ క్యాసెట్టు. మా అయ్య ఇచ్చిన కుండ రేవుల దించంగనే పగిలిందని ఒక్కరన్న అన్నరారా? ఆ పేరు మీద బతికినోళ్లం."

భూమేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. "నా తోని తప్పయింది మామా. గని నేను చెప్పలేను. చెప్తే నేను సస్త."

రాజేశం వాడి మొహం చూశాడు. ఈ మొహాన్ని తన ఇంటి ముందు మన్నులో పొర్లాడేటప్పటి నుంచీ చూస్తున్నాడు.

"నువ్వు చెప్పకు," అన్నాడు. "ఆమె చెప్తది."

మంగళవారం ఉతికిన చొక్కా వేసుకుని, నూనె రాసుకుని తల దువ్వుకుని ఆఫీసుకు పోయాడు. మేడం కుర్చీలో కూర్చుని ఉంది. చిక్కిపోయింది. రాజేశాన్ని చూడగానే "రాజా!" అంది, ఎప్పుడూ పిలిచినట్టే, నవ్వుతూ. ఆ నవ్వు చూశాక అతని భుజాలు దిగాయి. అంతే, అయిపోయింది అనుకున్నాడు.

ముదీర్ కాగితాన్ని ఆమె ముందుకు జరిపి, అడుగున ఉన్న సంతకం దగ్గర కలం ఆనించాడు. తర్వాత జగ్గును చూపించాడు. రాజేశాన్ని చూపించాడు. నిదానంగా ఏదో అడిగాడు.

మేడం కాగితం చూసింది. కళ్లద్దాలు తీసింది. స్కార్ఫు కొసతో తుడిచింది. మళ్లీ పెట్టుకుంది. బల్ల అంచు వైపు చూస్తూ చిన్నగా మూడు మాటలు అంది.

భూమేష్ ఆ మాటలు తెలుగు చేయకుండా ముదీర్ వైపు చూశాడు.

"ఏమన్నదిరా?"

"యాదికి లేదంటున్నది మామా."

రాజేశం ఎవరినీ చూడలేదు, జగ్గునే చూశాడు. వాము విప్పిన పొద్దున ఎత్తిన మొదటి కుండే పగులుతో చేతికొచ్చినట్టు ఉంది. ఇంకా లోపల ఎన్ని పగిలాయో చూడాలని కూడా అనిపించదు అప్పుడు. ముదీర్ ఇంకో కాగితం తీసి ముద్ర కొట్టాడు. ఆ చప్పుడు ఏమిటో తెలుగు చేయాల్సిన పని లేకపోయింది.

అందరూ లేవబోతుండగా మేడం చెయ్యి జగ్గు మీదికి పోయింది. అంచు మీద వేలు తిప్పింది. భూమేష్ వైపు వంగి, పక్కవాళ్లకు వినపడకూడదన్నట్టు ఏదో అడిగింది. గది చిన్నది. అందరికీ వినపడింది. చాయ్ గ్లాసులు తీస్తున్న నబీ రసూల్ ఆగాడు. ముదీర్ తలెత్తి ఆమెను చూశాడు, తర్వాత కాగితాన్ని చూశాడు, మెల్లగా దాన్ని బోర్లా తిప్పిపెట్టాడు. ఆ తర్వాత కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు.

"దీంట్లకెళ్లి తాగుడు దొరికిందా అని అడుగుతున్నది మామా," అన్నాడు భూమేష్ నేల చూస్తూ.

ఇచ్చినట్టే యాదికి లేనామెకు అడిగింది మాత్రం యాదికుంది. ఆ మాట అక్కడున్న నలుగురికీ తట్టింది.

రాజేశం బల్ల మీది నీళ్ల సీసా అందుకున్నాడు. జగ్గులో చిల్లుల కిందిదాకా పోశాడు. ఎడమచేత్తో పిడి పట్టుకున్నాడు, ఎవరైనా ఎలా పట్టుకుంటారో అలాగే. కుడిచేతి బొటనవేలు ఒక ముక్కు మీద, నడిమివేలు ఇంకో ముక్కు మీద ఆనించాడు. అందరి కళ్లూ ఆ కుడిచేతి మీదే. మూడో ముక్కును నోట పెట్టుకుని, కళ్లు మూసుకుని పీల్చాడు. అతని గొంతు ముడి పైకీ కిందికీ కదిలింది. నీళ్లు అడుగంటిన గరగర చప్పుడు వినిపించింది. బల్ల మీద గానీ ఉతికిన చొక్కా మీద గానీ ఒక్క చుక్క లేదు.

మేడం లేచి నిలబడిపోయింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు. ఏదేదో గబగబా అంటోంది. తాత అన్న మాట మాత్రం రాజేశానికి కూడా తెలిసింది.

"ఎట్లనో చెప్పుమంటున్నది మామా. వాళ్ల తాత కూడ ఇట్లనే తాగేటోడట. దండం వెడ్త చెప్పుమంటున్నది."

రాజేశం జగ్గును వంచి మిగిలిన తడి దులిపాడు. చొక్కా కొసతో మూడు ముక్కులూ తుడిచాడు, పిడి తుడిచాడు. అడుగు చప్పుడు కాకుండా, పచ్చి కుండను ఎండలో పెట్టినంత నెమ్మదిగా ఆమె ముందు పెట్టాడు.

"నాకు యాదికి లేదని చెప్పు," అన్నాడు. "గీ ఒక్కటన్న ఉన్నదున్నట్టు చెప్పు అల్లుడా."

భూమేష్ మూడు మాటలు అన్నాడు. ఇందాక ఆమె అన్న మూడు మాటలే. మేడం నిలబడ్డచోటే ఉండిపోయింది. ఆమె మొహంలోకి రక్తం ఎక్కి, మెడ దాకా దిగడం రాజేశం చూశాడు. తర్వాత బయటికి నడిచాడు.

పెట్టె అప్పటికే సర్ది ఉంది. దమ్మామ్‌కు పోయే డబుల్ క్యాబిన్ బండి ఆఫీసు ముందే ఆగింది. నబీ రసూల్ పరుగున వచ్చి, కాగితంలో చుట్టిన రొట్టెలు కిటికీలోంచి ఇచ్చాడు.

"అన్నా, నాకన్నా చెప్పు. ఎట్ట తాగినావది?"

రాజేశం నవ్వలేదు గానీ మొహం కాస్త వదులైంది. నబీ రసూల్ చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలాడు.

బండి కదులుతుంటే ఆఫీసు అద్దంలోంచి లోపలికి కనిపించింది. మేడం జగ్గులో మళ్లీ నీళ్లు పోసి ఎత్తింది. ముక్కుల మీద వేళ్లు, అతను పెట్టినట్టే పెట్టుకుంది. పీలుస్తోంది, పీలుస్తోంది, ఏమీ రావడం లేదు. ఇంకాస్త వంచింది. మెడ చుట్టూ పూల చిల్లుల్లోంచి నీళ్లు ఒక్కసారిగా ఆమె చేతుల మీంచి, బల్ల మీది కాగితం మీంచి కారిపోయాయి. పక్కన భూమేష్ తాళాల గుత్తి పట్టుకుని నిలబడే ఉన్నాడు, తుడవడానికి గుడ్డ కూడా అందుకోకుండా.

మసి గోడలు వెనక్కి పోతున్నాయి. సగమే కడిగిన పద్నాలుగో నంబరు గోడ కూడా పోయింది. రాజేశం ఎడమచేతి చూపుడువేలు తిప్పి చూసుకున్నాడు. గట్టిగా అదిమినందుకు వేలికొన మీద గింజంత గుండ్రటి అచ్చు పడి ఉంది. దమ్మామ్ దారి మలుపు తిరిగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మెల్లగా అది పైకి తేలి, మామూలు చర్మంలో కలిసిపోయింది.